నీళ్ళు తాగే రాయి

ముందే ఒప్పేసుకుంటున్నా, ఇది కలిగినవాళ్ళ ఏడుపులాగే కనిపిస్తుంది. పెరట్లో స్విమ్మింగ్ పూలు, దాని పక్కన కాస్త ఎత్తులో వేడినీళ్ళ స్పా, స్పా లోంచి నీళ్ళు పూలులోకి దూకే గడప దగ్గర రాయి పాడయిందట, పాపం! నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కానీ డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఇళ్ళు కొంటున్న మనవాళ్ళలో నాకు తెలిసిన ముగ్గురికి ఇదే తద్దినం పట్టుకుంది. అందుకని నా జేబుకు పడ్డ చిల్లు సాక్షిగా నాలుగు ముక్కలు రాద్దామని.

2023లో ఇల్లు కొన్నప్పుడు మేమిద్దరం పడిపోయింది ఆ గడపకే. ఓక్లహోమా ఫ్లాగ్‌స్టోన్, తేనె రంగు. సాయంత్రం ఎండలో దాని మీంచి నీళ్ళు జారుతుంటే... సరే, వదిలేయండి. రెండో వేసవికల్లా ఆ రాయి ఉల్లిపొరల్లా లేవడం మొదలెట్టింది. ఇసుక రేణువులు వెళ్ళి ఫిల్టర్లో చేరుతున్నాయి. రాత్రి పంపు ఆపితే తెల్లారేసరికి స్పాలో నీళ్ళు నాలుగు వేళ్ళు తగ్గి, సరిగ్గా గడప కిందున్న అతుకు దగ్గర ఆగుతున్నాయి.

మొదట వచ్చినాయన లేచిన పొరల్ని జిగురుతో అంటించి, పైన నిగనిగలాడే సీలర్ ఒకటి పూసి, నాలుగు వందల డాలర్లు పుచ్చుకుని వెళ్ళాడు. ఎనిమిది నెలలు! తర్వాత ఆ సీలర్ పొరతో సహా రాయి బొబ్బలు కట్టి ఊడింది. మన ఆఫీసుల్లో ఎర్రర్ కనబడకుండా లాగ్ మూసేసి టికెట్ క్లోజ్ చేసే మహానుభావులుంటారు చూడండి, అదే జాతి.

అసలు జరిగేది ఇది. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసుకునే పూలులో ఉప్పు 3,000 నుంచి 3,500 పీపీఎం దాకా ఉంటుంది. సముద్రంలో ఉండేదాంట్లో పదో వంతు. "ఇంత కొంచెం ఉప్పుతో రాయికేమవుతుందండీ" అంటారు అమ్మేవాళ్ళు. పూలు అడుగున ఉన్న రాయికి ఏమీ కాదు, నిజమే. గడప సంగతి వేరు. అది తడుస్తుంది, ఎండుతుంది, మళ్ళీ తడుస్తుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం రాతి రంధ్రాల్లో ఉండిపోతుంది. అక్కడే స్ఫటికాలు పెరిగి లోపల్నుంచి రాయిని తోస్తాయి. పైన సీలర్ పొర ఉంటే, వెనక నుంచి వచ్చిన తడి దాని కిందే చిక్కుకుని పని ఇంకా తొందరగా అవుతుంది. వీటికి తోడు 2021 ఫిబ్రవరి లాంటి గడ్డకట్టే చలి వచ్చిందంటే రంధ్రాల్లో ఉన్న నీళ్ళు మంచై ఉబ్బుతాయి.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మెత్త ఇసుకరాయినీ, ఉప్పు యంత్రాన్నీ ఒకే కొటేషన్‌లో పెట్టి అమ్మడం తప్పు. తెలిసి చేస్తే మోసం, తెలియక చేస్తే ఆ వృత్తికి పనికిరారు. అలాగని కొనేవాళ్ళం మనమేమన్నా తక్కువా? లాప్‌టాప్ కొనేముందు ముప్పై రివ్యూలు చదువుతాం, రాయిని మాత్రం రంగు చూసి తీసుకుంటాం.

మా నాన్నది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర. ఫోన్లో చెప్తే "దానికెందుకు రా అంత రాద్ధాంతం, మన కడప బండ వేసుకో" అన్నాడు. అది సున్నపురాయి నాన్నా, ఇక్కడ పూలులో ఆసిడ్ పోస్తుంటాం, తినేస్తుంది అన్నాను. ఒక్క నిమిషం ఆగి, "అయితే ఏ రాయన్నా తీసుకో, ముందు దాని మీద నాలుగు చుక్కలు నీళ్ళు పోసి చూడు. నల్లబడిందంటే తాగుతాంది అని. నిమ్మకాయ పిండి చూడు, నురగ వస్తే వదిలెయ్" అన్నాడు. ల్యాబులో చేసేదీ దాదాపు ఇదే! అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణాల ప్రకారం గ్రానైట్ తన బరువులో 0.4 శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదు. క్వార్ట్‌జైట్‌కి 1 శాతం. మామూలు ఇసుకరాయికైతే 8 శాతం దాకా చెల్లుతుంది. సేల్స్‌మన్‌ని ఈ అంకె అడగండి. చెప్పలేకపోతే పక్క షాపుకి వెళ్ళండి.

రాళ్ళ యార్డులో నన్ను పలకరించింది ఎవరనుకున్నారు? మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ! (పేరుకి గ్రానైటే గానీ, జాతికి గాబ్రో.) గుండె ఉప్పొంగింది. కానీ నీళ్ళు దూకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, గడప మీద తెల్లటి కాల్షియం పేరుకుంటుంది. నల్లరాయి మీద అది విభూతి పూసినట్టు కనిపిస్తుందని మా ఆవిడ గుర్తుచేసింది. పైగా పంపు ఆపిన మిట్టమధ్యాహ్నం ఆ రాతి మీద చెయ్యి పెట్టలేం. చివరికి బూడిద రంగు గ్రానైట్, 3 సెంటీమీటర్ల మందం, మంటతో గరుకు చేసిన ముఖం తీసుకున్నాం.

రాయి మార్చడం సగం పనే. పాత రాయి పీకితే వెనక కాంక్రీటు తడిసి ముద్దయి ఉంది, వాటర్‌ప్రూఫింగ్ అన్నదే లేదు. ఈసారి వచ్చిన మేస్త్రీ మెక్సికో ఆయన, మాటలు తక్కువ. స్పా నీళ్ళు బాగా కిందికి దించి, కాంక్రీటు ఆరేదాకా ఆగాడు. సిమెంటు వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు గడప కిందా, పక్క గోడల మీదకీ ఎక్కించాడు. పాలిమర్ కలిసిన థిన్‌సెట్‌ని ఖాళీలు లేకుండా రాయి అడుగంతా పట్టించాడు. రాయి పూలు వైపు కాస్త వాలుగా, అంచు గోడ దాటి ముందుకొచ్చేలా పెట్టాడు. అడుగున సన్నటి గాడి కోయించాడు, నీళ్ళు వెనక్కి పాకి గోడ తాగకుండా. అడ్డంగా మాత్రం లెవెల్ వెంట్రుకవాసి తప్పనివ్వలేదు, లేకపోతే ధారంతా ఒక మూలకే పోతుందట.

మొత్తం రెండు వేల చిల్లర. నీళ్ళు ఇప్పుడు తగ్గట్లేదు. చుట్టూ అంచుకున్న ఫ్లాగ్‌స్టోన్ ఇంకా అలాగే ఉంది, దాన్ని ప్రస్తుతానికి రోజూ మంచినీళ్ళతో కడుగుతున్నా. చీమకుర్తి రాయి ఎందుకు తీసుకోలేదని నాన్న ఇప్పటికీ సాధిస్తూనే ఉన్నాడు :)