పళ్లెంలో ఒక తోట

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. పిల్లలకు ఇది పెద్ద ఎదురుచూపే. 40 కాగితపు ముక్కలతో గొలుసు చేయించి, ఈ శ్రమల దినాల్లో రోజుకొకటి తెంపించండి.

నాకు మరీ ఇష్టమైనది మట్టల ఆదివారం నాడు వేసే తోట. పళ్లెంలో మట్టి పోసి, చిన్న ముంతను పడుకోబెట్టి సమాధిగా చేయాలి. మూతికి రాయి అడ్డం పెట్టాలి. చుట్టూ నానబెట్టిన మెంతులు చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తే వారానికి పచ్చగా మొలకలు లేస్తాయి. గుడ్ ఫ్రైడే కథను మాత్రం దాటేయకండి. ఆ దుఃఖం తెలియని పిల్లలకు ఆదివారపు ఆనందం అందదు. ఈస్టర్ తెల్లవారుజామున రాయి దొర్లించేది పిల్లలే కావాలి. లోపల ఖాళీ అని వాళ్లే చూసి, వాళ్లే కేకవేయాలి. సండే స్కూలు టీచర్లకు, అమ్మానాన్నలకు ఇలాంటివి మరికొన్ని లోపలి పేజీల్లో ఇచ్చాం.