శాంతి సమావేశంలో సంతకం పెట్టకండి

పుస్తకం నచ్చని నలుగురు కలెక్టరేటు మెట్లెక్కితే చాలు, రచయితకు ఫోను వస్తుంది: "ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లండి సార్, గొడవ సద్దుమణుగుతుంది." ఆ పిలుపుతో జాగ్రత్త! పుస్తకానికి ఇవాళ నిషేధపు జీవో కంటే ఆ గదిలోనే ముప్పెక్కువ.

నామక్కల్‌లో జరిగింది అదే. పెరుమాళ్ మురుగన్ తమిళ నవల ‘మాదొరుభాగన్’ 2010లో వచ్చింది. నాలుగేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2014 చివర్లో అందులోని కొన్ని పేజీలు, పిల్లల్లేని దంపతుల గోడునూ తిరుచెంగోడు రథోత్సవాన్నీ ముడివేసినవి, జిరాక్సులై ఊరంతా తిరిగాయి. ప్రతులు తగలబెట్టారు, బంద్ చేశారు. 2015 జనవరిలో అధికారులు ‘శాంతి సమావేశం’ పెట్టారు. బేషరతు క్షమాపణకూ, అమ్ముడుపోని ప్రతులు వెనక్కి తీసుకోవడానికీ మురుగన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. రచయితగా తాను చచ్చిపోయానని ఆ వెంటనే ప్రకటించాడు. ఆ ఒప్పందానికి ఆయన కట్టుబడనక్కర్లేదని, నచ్చని పుస్తకాన్ని అవతల పడేస్తే సరిపోతుందని మద్రాసు హైకోర్టు చెప్పేసరికి 2016 జులై వచ్చింది. న్యాయమే, కానీ ఏడాదిన్నర ఆలస్యంగా.

అది తమిళుల గొడవే అనుకోవద్దు. 2017లో కంచ ఐలయ్య పుస్తకం మీద మన దగ్గర రేగిన రభస గుర్తుందిగా? పరకాలలో ఆయన కారుపై దాడి కూడా జరిగింది. నిషేధించమన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పుస్తకం ఒక కులాన్నంతా ఒకే గాటన కట్టడం నాకూ నచ్చలేదు. అయితే దానికి జవాబు ఇంకో పుస్తకం రాయడమే.

ఇంకో మాట. మన పల్లెల్లో కొన్ని కులాల పేర్లే తిట్లు. సామెతల్లో, సినిమా జోకుల్లో తరాలుగా నలుగుతున్న ఆ జనం మనోభావాల కోసం ఏ కలెక్టరేటులోనూ టీ, బిస్కెట్లతో సమావేశం పెట్టినట్టు నేనెరగను. గుంపును కూడగట్టగలిగిన వాడి మనసుకే గాయమవుతుందన్న మాట! దళితుల బతుకు చెప్పిన ‘మాలపల్లి’ నవలను నిషేధించింది తెల్లదొరల ప్రభుత్వమే కావచ్చు, ఆ అలవాటు మాత్రం వాళ్లతో పోలేదు.

పుస్తకాన్ని జప్తు చేయాలంటే చట్టంలో దారుంది. ప్రభుత్వం కారణాలు చెప్పి గెజిట్‌లో ప్రకటించాలి. దాన్ని రెండు నెలల్లోగా హైకోర్టులో సవాలు చేయొచ్చు, ముగ్గురు జడ్జీల బెంచి వింటుంది. మధ్యవర్తిత్వం చేసి క్షమాపణ రాయించే అధికారం తహసీల్దారుకూ లేదు, సీఐకీ లేదు.

కాబట్టి పిలుపొస్తే ఒంటరిగా వెళ్లకండి, లాయర్ని వెంటబెట్టుకోండి. ఏ సెక్షన్ కింద పిలిచారో కాగితం మీద రాసిమ్మని అడగండి. ప్రచురణకర్తలూ, గోదాములోని ప్రతులను భయపడి మీరే తుక్కు చేయకండి. ఇక పాఠకులు: ఫోనులోకి ఒక పేజీ ఫొటో వచ్చి ‘మన కులాన్ని తిట్టాడు’ అంటే, దాన్ని పదిమందికీ పంపే ముందు మిగతా పేజీలు ఎక్కడున్నాయని పంపినవాణ్ణే అడగండి.