జేబులో ఎన్ని పాటలు కావాలి?

దుప్పటి కొలది కాళ్లు చాచుకోవాలని తెలుగు పెద్దలు చెప్పారు. చాదర్ ఎంతో కాళ్లు అంతే చాచమని ఉర్దూ పెద్దలూ అన్నారు. రెండు భాషల వివేకం ఒక్కచోట కలిసిన ఈ హితవును, పాటల యంత్రం కొనబోయే విద్యార్థి మాత్రం తలక్రిందులు చేస్తున్నాడు. తన కాళ్ల పొడవు చూచుకోకుండా అంగడిలోని అన్నిటికంటె పెద్ద దుప్పటిని కోరుతున్నాడు. 32 జీబీల యంత్రం చూపితే 128 లేదా అని అడుగుతాడు. 128 చూపితే 512 వైపు చేయి చాస్తాడు. ఈ ధోరణి సరికాదని నా అభిప్రాయం.

సెల్‌ఫోను ఉండగా వేరే యంత్రం ఎందుకని కొందరు అడుగవచ్చు. ఫోనులో పాటతో పాటు పది పిలుపులు, వంద సందేశాలు వచ్చిపడతాయి. పరీక్షల కాలంలో పాట మాత్రమే పాడే యంత్రం ఒక మేలు. అంతేకాక నెలకింత చందా కట్టి వినే పాటలు అద్దె ఇంటి వంటివి. చందా ఆగిన నాడు దాచుకున్న పాట కూడా పలుకదు. కొని భద్రపరచుకున్న పాట సొంత ఇల్లు.

ఇక పరిమాణం మాట. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గారు గ్రామఫోనుకు పాడినప్పుడు పళ్లెంపై లభించిన వ్యవధి సుమారు మూడు నిమిషాలు. గంటసేపు విస్తరించగల రాగాన్ని ఆమె ఆ మూడు నిమిషాలలో ఇమిడ్చి, చివర తన పేరు కూడా చెప్పుకున్నారు. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ 5 జీబీలతో వెయ్యి పాటలు మోసింది. 2009 నాటికి అదే వంశంలోని యంత్రం 160 జీబీలకు పెరిగింది. 2022లో ఆ వంశమే ముగిసింది. పాత్ర పెరిగినంతగా మన దాహం పెరిగిందా? రోజుకు ఇరువది నాలుగు గంటలే గదా!

లెక్క వేసి చూద్దాం. ఎంపీ3 పద్ధతిలో మేలైన నాణ్యత, అనగా సెకనుకు 320 కిలోబిట్లు, తీసుకుంటే ఐదు నిమిషాల పాటకు 12 ఎంబీలు పడుతుంది. 32 జీబీలలో సుమారు 2,600 పాటలు పడతాయి. రోజుకు రెండు గంటల చొప్పున వింటే, ఒకసారి విన్న పాట మరల వినకుండానే మూడు నెలలు దాటుతుంది. సాధారణ నాణ్యత, అనగా 128 కిలోబిట్లు చాలుననుకుంటే పాటకు 5 ఎంబీలకు మించదు; ఆరు వేలకు పైగా పాటలు పడతాయి. ధ్వనిలో ఏమాత్రం లోపం రాని ఫ్లాక్ పద్ధతిని కోరేవారికి పాటకు దాదాపు 30 ఎంబీలు కావాలి. వారికి 32 జీబీలలో వెయ్యి పాటలే గనుక 128 జీబీలు కోరడం న్యాయమే. కాని అట్టివారు ముందుగా మంచి ఇయర్‌ఫోనులు కొనాలి. చవక ఇయర్‌ఫోనులకు ఫ్లాక్ పాట వినిపించడం చిల్లు కుండలో పాలు పోయడమే.

32 జీబీల కార్డును కంప్యూటరుకు తగిలిస్తే 29.8 అని మాత్రమే చూపుతుంది. ఇది మోసం కాదు. తయారీదారు వేయితో లెక్కిస్తాడు, కంప్యూటరు 1,024తో లెక్కిస్తుంది. అసలు మోసం వేరే ఉన్నది. దానిని మా ఇల్లు అనుభవించింది.

మా అమ్మమ్మ గారు పెళ్లిళ్లలో ఢోలక్ గీతాలు పాడేవారు. మా మేనమామ గారు వాటిని 90 నిమిషాల కేసెట్లు పదింటిలో భద్రపరచారు. ఆమె పోయిన తరువాత నేను వాటిని కంప్యూటరులోకి ఎక్కించాను. ఒక సంతలో చవకగా దొరికిన 512 జీబీల కార్డు కొని, ముందు వేలకొలది సినిమా పాటలు, చివర ఈ గీతాలు నింపాను. అన్నీ పేర్లతో సహా కనిపించాయి. అంతటితో కంప్యూటరులోని ప్రతిని చెరిపివేశాను. కేసెట్లను ఇల్లు సర్దేటప్పుడు పారవేశారు. తీరా పెళ్లినాడు వినిపించబోతే గీతాల పేర్లున్నాయి, గొంతు లేదు. ఆ కార్డు నిజానికి 8 జీబీలదే. నిండిన తరువాత పోసినది నేల పాలైంది. మామయ్య గారు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ శిక్ష. ఆ పదిహేను గంటల పాటకు అవసరమైన స్థలం ఎంత? 864 ఎంబీలు. ఒక్క జీబీ కూడ కాదు. స్థలం చాలక కాదు, పెద్ద అంకెను నమ్మి పోగొట్టుకున్నాను.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మనవి. మీరు నిజంగా వినే పాటలను లెక్కించండి. దానికి రెట్టింపు స్థలం చాలు. కార్డు మార్చుకొనే వీలున్న యంత్రాన్నే ఎంచుకోండి; రేపు అవసరమైతే కార్డు మార్చవచ్చు, యంత్రం మార్చనక్కర లేదు. పాత యంత్రాలలో చాలావరకు 32 జీబీలకు మించిన కార్డును గుర్తించవు. కొనే ముందు విచారించండి. కొత్త కార్డును పూర్తిగా నింపి, చివరి పాట దాకా పలుకుతున్నదో లేదో పరీక్షించండి. మిగిలిన డబ్బుతో రెండవ కార్డు కొని ప్రతి తీసి వేరొక చోట ఉంచండి. ఒకే పెద్ద కార్డు కంటె రెండు చిన్న కార్డులు మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు మరొక విన్నపం. మన గ్రంథాలయపు బీరువాలో పాత వార్షికోత్సవాల ముషాయరాలు, కవిసమ్మేళనాలు కేసెట్లలో మగ్గుతున్నాయి. అవి ఇరవై ఉన్నా రెండు జీబీలు మించవు. ఖర్చు స్వల్పం, శ్రమ విద్యార్థులం చేస్తాం. ఎక్కించిన తరువాత రెండు ప్రతులు రెండు చోట్ల ఉంచుదాం, కేసెట్లను మాత్రం పారవేయవద్దు.

జేబులో ఎన్ని పాటలున్నాయన్నది గొప్ప కాదు. పోగొట్టుకోరాని పాట ఏదో తెలిసి, దానిని కాపాడుకోవడం గొప్ప.