బొమ్మకు ప్రాణం పోయడానికి అప్పు చేయాలా?



పోయిన వేసవిలో మన హాస్టల్ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, డిగ్రీ మానేసి త్రీడీ యానిమేషన్ కోర్సులో చేరతాను. నాన్న వడ్డీకి డబ్బు తెస్తానన్నాడు" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. వడ్డీ డబ్బు ఇంటిని ఏం చేస్తుందో నాకు తెలుసు. వద్దనలేదు. "కాస్త ఆగు" అన్నాను. ఎందుకన్నానో మీ అందరికీ చెప్పాలనిపించింది.

త్రీడీ యానిమేషన్ మాయ కాదు, ఓపికతో చేసే పని. మన పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, విడి భాగాలను మక్కుతో అతికించి, రంగులు వేస్తారు. కంప్యూటర్‌లోనూ ముందు ఆకారాన్ని చెక్కాలి. అది మోడలింగ్. తర్వాత రంగు, గరుకుదనం అద్దాలి. అది టెక్స్చరింగ్. తోలుబొమ్మకు కీళ్లు పెట్టినట్టు లోపల ఎముకలు అమర్చడం రిగ్గింగ్. ఆపైన కదలిక, వెలుగు. చివరికి ఒక్కో ఫ్రేమును కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మగా మారుస్తుంది. అది రెండరింగ్. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పది సెకన్లకు 240. ఒక్కోదానికి ఐదు నిమిషాలు పడితే మొత్తం 20 గంటలు!

2012లో వచ్చిన 'ఈగ' సినిమాలో ఈగ ఇలా పుట్టిందే. ఆ పని చేసిన హైదరాబాద్ సంస్థ మకుటకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. సినిమాలకే కాదు, కట్టబోయే భవనాలను ముందే చూపడానికి, వైద్య విద్యార్థులకు గుండె పనితీరు వివరించడానికి కూడా ఇది వాడతారు. అమరావతి భవనాలను కట్టకముందే మనం తెరమీద చూశాం కదా.

అయితే రెండో వైపూ చూడాలి. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. అందులో ప్రధానంగా పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అంత పేరున్న సంస్థకే భరోసా లేనప్పుడు, డిగ్రీ వదిలి అప్పుతో దిగడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అలాగని కల వదులుకోవద్దు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. లాట్వియా దేశపు 'ఫ్లో' చిత్రాన్ని దానితోనే తీశారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. మొదటి పాఠాలకు 8 జీబీ మెమొరీ ఉన్న కంప్యూటర్ చాలు. బొమ్మలు గీయడం, మనుషుల నడకను గమనించడం, లెక్కలు రావడం ముఖ్యం. వాటికి ఫీజు లేదు.

ఆ తమ్ముడు ఇప్పుడు డిగ్రీలోనే ఉన్నాడు. స్నేహితుడి కంప్యూటర్‌లో గంతులేసే బంతి చేసి నాకు పంపాడు. బంతి కాస్త నేలలోకి కూరుకుపోయింది. సరిచేస్తున్నాడట.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఈ వార్షికోత్సవానికి మనం తలాకొంత వేసుకుని హాస్టల్‌కు రెండు మంచి కంప్యూటర్లు కొనిద్దాం. అప్పుడు ఇష్టం ఉందో లేదో, చేతనవునో కాదో పిల్లలు ఇక్కడే తేల్చుకుంటారు. వాళ్ల నాన్నలు వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండదు.