ఎంత... ఎటు?

ముదినేపల్లి నుంచి రెండు బస్సులు ఒకేసారి బయల్దేరాయి. ఒకటి గుడివాడ వైపు, రెండోది కైకలూరు వైపు. రెండింటి మీటర్లలోనూ ముల్లు 40 దగ్గరే ఉంది. మరి వాటి వేగం ఒకటేనా? మామూలుగా అయితే అవుననే అంటాం. సైన్సు మాత్రం కాదంటుంది. గంటకు ఎన్ని కిలోమీటర్లన్నది వడి. 'ఎటు' అన్నదీ చేరితేనే అది వేగం. ఇలా పరిమాణంతోపాటు దిశ కూడా ఉన్నవి సదిశ రాశులు. కాలం, ఉష్ణోగ్రతల్లాంటి వాటికి దిక్కుతో పనిలేదు. అవి అదిశ రాశులు.

సదిశల కూడిక కాస్త తమాషాగా ఉంటుంది. 3కి 4 కలిపితే ప్రతిసారీ 7 రావాలనేం లేదు. రెండూ ఒకే దిక్కున ఉంటే 7, ఎదురెదురుగా ఉంటే 1, లంబంగా ఉంటే 5.

పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలా కనిపించే ఈ లెక్క మన తీరంలో ప్రాణాలతో ముడిపడింది. బంగాళాఖాతంలో పుట్టే తుపాను గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో సుడి తిరుగుతుంది. తిరుగుతూనే ఒకవైపు కదులుతుంది. సుడిగాలి గంటకు 150 కిలోమీటర్లు, తుపాను నడక 20 కిలోమీటర్లు అనుకుందాం. తుపాను వెళ్లే వైపు ముఖంపెట్టి నిలబడితే కుడిచేతి పక్కన రెండూ ఒకే దిక్కు. కాబట్టి గాలి దాదాపు 170. ఎడమ పక్కన ఎదురెదురు. అక్కడ 130.

అంతేకాదు, తుపాను మన తీరం దాటేటప్పుడు కుడిపక్క గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. నీటినీ వెంట తోసుకొస్తుంది. 1977 నవంబరు 19న జరిగిందిదే. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. దివిసీమ దానికి కుడివైపున ఉంది. అక్కడ తాటిచెట్ల ఎత్తున లేచిందని పెద్దలు చెప్పుకునే ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు 10 వేల మంది.

అలాగని ఎడమవైపు వారికి ముప్పు లేదనుకోకూడదు. అక్కడా పెనుగాలులు, కుండపోత వానలు ఉంటాయి. తుపాను దారి మార్చుకుంటే కుడిఎడమలూ మారిపోతాయి.

ఈసారి తుపాను వార్త వింటున్నప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మ్యాపు తీసి తీరం దాటే చోటు చూపించండి. మన ఊరు దానికి ఏ పక్కన ఉందో వాళ్లనే చెప్పమనండి. గాలి ఎంతన్నది ఒక్కటే వింటే సగం వార్త విన్నట్టే. ఎటన్నదీ తెలిస్తేనే పూర్తిగా విన్నట్టు.