ఇప్పచెట్టు కథ ఎవరు రాశారు?

వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో శివుడి పేరు మధుకేశ్వరుడు. మధుకమంటే ఇప్ప. గొడ్డలి వేటు పడిన ఇప్పచెట్టులో దేవుడు ముఖంతో వెలిశాడని స్థలపురాణం. శబర నాయకుడు చిత్రగ్రీవుడికి చిత్తి, చిత్కళ అని ఇద్దరు భార్యలు. ఇప్పచెట్టు కొమ్మలు ఇద్దరూ పంచుకున్నారు. శివభక్తురాలైన చిత్కళ తన కొమ్మకింద ఏరుకున్న పూలు బంగారమయ్యేవట. సవతుల తగువు ముదిరి నాయకుడు ఆ చెట్టుమీదికి గొడ్డలెత్తాడు. శివుడు కనిపించాడు.

బంగారు పూలకు మహిమ అక్కర్లేదు. ఎండలు ముదిరే వేళకి ఇప్ప ఆకు రాల్చి పూస్తుంది. మీగడరంగు పూలు రాత్రంతా రాలి, తెల్లారేసరికి చెట్టుకింద పరుచుకుంటాయి. వాటి నిండా తీపే. ఎండబెట్టి దాచుకుంటే గింజలు నిండుకున్న నెలల్లో అదే తిండి. పులియబెట్టి కాస్తే సారా. పలుకులు ఆడిస్తే దీపానికీ వంటకీ నూనె. ఇంత పెట్టే చెట్టు దగ్గర ఈ కొమ్మ నీది, ఆ కొమ్మ నాది అన్న పేచీ రాకుండా ఉంటుందా? కథలో మనుషుల బతుకు కనిపించేది అక్కడే.

కథ మొదలు మాత్రం బాధపెడుతుంది. శబర స్త్రీలను చూసి గంధర్వులు మోహపడితే, వామదేవ మహర్షి ఆ గంధర్వులను శబరులుగా పుట్టమని శపించాడట. తప్పు గంధర్వులది. శిక్షగా చూపింది శబరుల, అంటే నేటి సవరల పుట్టుకని!

ఇది పుణ్యకథ కదా అని ఊరుకోవడం అన్యాయం. చెట్టు గుణం తెలిసినవాళ్లు శాపగ్రస్తులయ్యారు, చెట్టు పేరు గుడికి దక్కింది.

ఐరోపాలో కెల్టుల సంగతీ ఇంతే, వాళ్ల చెట్ల కథా పరాయివాళ్లు రాసిందే. వాళ్ల పూజారులైన డ్రూయిడ్లు ఓక్ చెట్టెక్కి బంగారు కొడవలితో బదనిక కోసేవారని 1వ శతాబ్దంలో రాసినవాడు రోమన్ ప్లినీ. డ్రూయిడ్లు తమ విద్యను తాము రాసిపెట్టలేదు. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్లు అల్లారు. ప్రాచీనమని ఇప్పుడు చెలామణీ అవుతున్న 13 నెలల 'కెల్టిక్ వృక్ష పంచాంగం' 1948లో రాబర్ట్ గ్రేవ్స్ అనే ఇంగ్లిష్ కవి 'ది వైట్ గాడెస్' పుస్తకంలో చేసిన ఊహలోంచి వచ్చింది.   

మళ్లీ ముఖలింగానికి వస్తే, సవరల మాట సవరల నోటే విన్న పెద్దమనిషి ఆ పక్క ఊళ్లోనే పుట్టాడు. గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి దగ్గరే. ఇక్కడి శాసనాలు చదివి, పాత కళింగనగరం ఇదేనన్నవాడూ ఆయనే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ పట్టుబట్టి సవర భాష నేర్చుకున్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంతకు ఎంతో ముందే సవర పిల్లలకు వాళ్ల భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టి చదువు చెప్పించాడు.