బస్సు దాకా నడక

2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితమైనది. మొగల్తూరు విద్యార్థిని నరసాపురానికి చిల్లి గవ్వ ఖర్చులేకుండా పోవచ్చును. సంతోషమే. కాని బస్సు ఆగే చోటు వరకు ఆమె నడక ఎవరి పద్దులోనూ చేరలేదు.

ఈ డెల్టాలో నడకకు పూర్వం లెక్క ఉండెడిది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినది. దాని కాలువలు పైరుకు నీరే కాక పడవలకు దారి కూడ ఇచ్చినవి. పడవను తాడుతో లాగే మనిషి కొరకు గట్టున బాట విడిచినారు. కూలివాని పాదాలను ఇంజనీరు కొలతలో చేర్చిన కాలమది! తరువాత ఆ గట్లు పెక్కుచోట్ల తారురోడ్లైనవి. ఒక వంక కాలువ, మరొక వంక చేపల చెరువు. లారీ ఎదురైనచో బాటసారి ఒదుగుటకు అడుగు నేల మిగులదు. చార్జీని ప్రభుత్వము భరించినది. రోడ్డంచున మూడడుగుల గట్టి నేల అంతకంటె భారమా?